ఏటూరునాగారం చిట్టీ

పదమూడు కాలేజీలు. గిన్నెల పదకొండే చిట్టీలు.
పోయినేటి విన్నరు చార్టు పైకొసన, రన్నరు అడుగుకొసన,
ఫైనలు దాంక కలవొద్దని.
వాళ్లకు చిట్టీ అక్కరలేదు.

మొగిలి కండ్లు మూసుకొని ఒక్కొక్కటి తీస్తడు,
నేను పెన్సిలుతో రాస్తా.
నర్సంపేట. తొర్రూరు. జనగామ.
కరెంటు పోయి వచ్చింది.
ములుగు. మహబూబాబాదు.
ఒక చిట్టీ గిన్నె తడికి అడుగున అంటుకున్నది.

పదహారుంటే లెక్క సాఫుగుండు.
పదమూడాయె, మూడు బైలు పెట్టాలె.
బై అంటే ఏంది మేడం, అంటడు ఏటేటా.
ఎదుట మనిషి లేకుంటనే గెలుచుడు, అంటా.
అట్ల గెలిస్తే నిద్రపడతదా,
అని కూడ ఏటేటా అంటడు.

పదమూడు టీములకు పన్నెండు ఆటలు.
ఎట్ల తిప్పి గీసినా పన్నెండే.
ఒక్కరు మిగలాలంటే
పన్నెండు టీములు బస్సెక్కాలె గదా.

జిల్లాలు విడిపోయినంక జోన్లు మళ్ల గీసిండ్రు.
ఒకే ఆటోల కాలేజీకొచ్చే ఇద్దరు పిల్లలు,
గేటు గేటుకు నడుమ ఎనిమిది కిలోమీటర్లు,
ఇప్పుడు ఒకరిది తూర్పు జోను, ఒకరిది పడమర.
అంతర్ జోనల్ దాంక కోర్టు మీద ఎదురుపడరు.
ఆటోల మోకాళ్లు తగిలించుకొనే కూసుంటరు.

మా కాలంల అంతా ఒకటే జోను.
సెమీసుల నా మడమ పట్టింది ఈసం ముత్తక్క.
మ్యాటు లేదు, మొరం నేల.
నడిమి గీత జానెడు దూరం.
నా మోచెయ్యి చర్మం సగం అక్కడ్నే ఉన్నది,
నా వేలు మాత్రం పోలే.
మేం బస్సెక్కినం.

పదకొండో నాడు నోటీసు బోర్డు మీద కాగితం:
యూనివర్సిటీ టీము, పన్నెండు పేర్లు.
ఆరో పేరు ఆమెది.
ఏడో పేరు నాది.

క్యాంపుల ఇద్దరికొక్క పరుపు.
ఆమె లెఫ్ట్ కార్నరు, పక్కన లెఫ్ట్ ఇన్ నేను.
చెయ్యియ్యి, అన్నది.
చైను కట్టకుంటే రైడరు ఆగడు గదా.
నన్ను పట్టిన చెయ్యే.
పొద్దుగూకినంక ఆ చేత్తోనే చెమట తుడుచుకుంటే
కండ్లు భగ్గుమన్నయి.
మిరపతోట కూలికి పోయొచ్చినా, మొన్ననే, అన్నది నవ్వుకుంట.
మూడు రోజులు కడిగినా పోదట.

కాజీపేటల రైలెక్కినం, ఐదుగురికే సీట్లు,
సౌత్ జోన్ల నాలుగు టీములల్ల ఒకటైతే
ఆల్ ఇండియాకు పోవచ్చన్నరు.
మొదటి ఆటనే ఓడినం.
చైను తెగలే. పాయింట్లే చాలలే.

మరుసటేడు మళ్ల ఆమెది ఏటూరునాగారం, నాది పరకాల.
పొద్దున తొమ్మిదింటికి ఆట.
రాత్రంత వాన. వాగు రోడ్డెక్కింది, వాళ్ల బస్సు రాలే.
రెఫ్రీ గడియారం చూసిండు,
మా ఏడుగురిని కోర్టుల నిలబెట్టిండు,
విజిల్ ఊది వాకోవరు రాసిండు.
ఆ ఏడు జోను మాదే.
కప్పు ఇంకా పరకాల కాలేజీ బీరువాల ఉన్నదట.

నిద్రపడ్డది, మొగిలీ.
ఆ రాత్రి మంచిగనే పడ్డది.
ఇరవై రెండేండ్లు.
వానకాలం వచ్చి, ఈ చార్టు పరిచిన రాత్రే
పడుతలేదు.

ఆఖరి చిట్టీ గోరుతో గీకి తీసిండు.
తడికి సిరా పాకింది, అయినా చదవొస్తది:
ఏటూరునాగారం.
మిగిలిన గడి ఒక్కటే,
మొదటి రోజు, మొదటి ఆట, తొమ్మిది గంటలు.

చిట్టీ మార్చొద్దని రూల్సు పుస్తకంల ఉన్నది.
రెండుసార్లు చదివిన.
టైము సంగతి ఏం లేదు.

రబ్బరు ఏదని అడిగిన.
జేబుల్నుంచి తీసిచ్చిండు.
తొమ్మిది తుడిచి రెండున్నర రాసిన.

మొగిలి చూసిండు.
ఏమనలే.
గిన్నె కడగబోయిండు.